ఉప్పుకొట్టులోని బుట్టలు

ఆ ఊళ్ళో చనిపోయినవాళ్ళు వెంటనే వెళ్ళిపోయేవారు కాదు. పది రోజులు తమ ఇంటి చూరు కింద నిలబడి ఉండేవారు.

మిట్టమధ్యాహ్నం, మనిషి నీడ కాళ్ళ కిందికి చేరే వేళ, వాళ్ళు కనిపించేవారు. మిగిలిన వేళల్లో చూరు కింద కాస్త చల్లగా ఉండేది, అంతే. ఎవరూ భయపడేవారు కాదు. వాకిట్లో వడియాలు పెట్టుకునేవాళ్ళు ఆ పది రోజులూ చాపను కొంచెం పక్కకు జరిపి పెట్టుకునేవారు.

చనిపోయినవాళ్ళకు రోజూ కొంత మరపు వచ్చేది. మొదట ఊరి పేరు, తర్వాత అయినవాళ్ళ పేర్లు, చివరికి తమ పేరు. అందుకని అక్కడ ఒక ఆచారం ఉండేది. పదో రోజు మధ్యాహ్నం ఇంటివాళ్ళలో ఒకరు పోయినవారి కథ రాసి తెచ్చి కాలవ రేవులో చదవాలి. ఆ కథ విని పోయిన మనిషి ‘ఇది నేనే’ అని గుర్తుపట్టాలి. గుర్తుపడితే మెట్లు దిగి పడవ ఎక్కుతుంది. పడవవాడు ఎవరినీ పిలవడు, ఎవరినీ ఆపడు.

గుర్తుపట్టకపోతే తిరిగి చూరు కిందికే పోతుంది. నాలుగు వానాకాలాలు గడిచేసరికి ఆకారం కరిగి గోడ మీద చెమ్మగా మిగులుతుంది. ఆ చెమ్మ మీద సున్నం నిలవదు.

వినేవాళ్ళు కాలవ వైపు ముఖం పెట్టి, కళ్ళు మూసుకుని మెట్ల మీద కూర్చోవాలి, వెనక్కి తిరగకూడదు. చదివేవాళ్ళు కింది మెట్టు మీద నిలబడి ఊరి వైపు చూస్తారు. కాబట్టి పోయిన మనిషి వచ్చిందో లేదో చదివినవారికి ఒక్కరికే తెలుస్తుంది. చదవడం అయ్యాక అందరూ అడుగుతారు. "వెళ్ళిపోయింది" అని చదివినవారు చెబుతారు. వేరే మాట చెప్పినవారు ఇంతవరకు లేరు. పదో రోజు దాటాక ఎవరూ చూరు వైపు చూసేవారూ కాదు.

ఆ ఊళ్ళో చెమ్మ లేని గోడలు తక్కువ. కాలవ గాలికి అలా అవుతుందని అనుకునేవారు.

ఊరి చివర ఇద్దరు అక్కచెల్లెళ్ళు తుంగ చాపలు అల్లుకుని బతికేవారు. ఒక ఉదయం అక్క తుంగ కోయడానికి మడుగుకు వెళ్ళింది. కాలు జారి, తిరిగి రాలేదు. ఆ ఉదయం ఇంట్లో ఏం జరిగిందో లోకంలో ఒక్క చెల్లెలికే తెలుసు.

పక్కింటి పిన్ని పరామర్శకు వచ్చింది. గడపలో కూర్చుని రెండు కన్నీటి చుక్కలు రాల్చి, వెంటనే అసలు సంగతికి వచ్చింది.

"కథ ఎవరు రాస్తారే? నీ రాత కోడి కెలికినట్టు ఉంటుంది."

"నేనే రాయాలి పిన్నీ. ఇంకెవరున్నారు?"

"రేవులో పరువు పోతుంది, చూసుకో. మా అత్త కథ చదివిన రోజు ఊరంతా ఏడ్చింది. ఊరి పెద్దాయన లేచి నిలబడి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఊరికే వచ్చిందా ఆ కథ? ఉప్పుకొట్టుకు వెళ్ళి పుస్తకాలు తెచ్చుకుని చదివాను."

"మీ అత్త నిన్ను రోజూ తిట్టేది కదా పిన్నీ? మా మగ్గం దగ్గరికి వినిపించేది."

పిన్ని కొంగు సర్దుకుంది. "ఛ, అవేం మాటలు! కన్నకూతురిలా చూసుకుంది నన్ను."

ఆమె వెనక, ఆమె ఇంటి చూరు కింద, గోడ మీద చెమ్మ మరక ఉంది. ఆమె దానికి వీపు పెట్టి కూర్చుంది. ఎప్పుడు వచ్చినా అలాగే కూర్చునేది.

ఉప్పుకొట్టు ఊరి బయట ఉంది. ఉప్పు అమ్మకం ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు అందులో కథ ఎలా రాయాలో చెప్పే పుస్తకాలు ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలో చెప్పేవి, ఎలా ముగించాలో చెప్పేవి, ఎక్కడ ఏడిపించాలో చెప్పేవి. కావలసినవారు తీసుకువెళ్ళి, పనైపోయాక తెచ్చి ఇస్తారు. కొట్టుకు ఒక ముసలి కాపరి ఉన్నాడు. చెల్లెలు వెళ్ళేసరికి అతను నేల ఊడుస్తున్నాడు.

"రాశావా?" అన్నాడు తల ఎత్తకుండా.

"లేదు తాతా. రాయడం తెలియకే కదా వచ్చాను."

"రాసి తీసుకురా. ఎక్కడ వంకర పోయిందో చూసి, దానికి తగిన పుస్తకం ఒక్కటి ఇస్తాను."

"ఎలా రాయాలో తెలియకుండా ఎలా రాసేది?"

"చాప అల్లడం ఏ పుస్తకం చూసి నేర్చుకున్నావు?"

"మా అక్క నేర్పింది."

"ఎలా నేర్పింది?"

"నా చేత అల్లించి, అంచు వంకరపోతే ‘విప్పు’ అనేది. విప్పి మళ్ళీ అల్లేదాన్ని."

"మరి?" అన్నాడు కాపరి.

చెల్లెలికి ఆ మాట నచ్చలేదు. అల్లిక వేరు, కథ వేరు అనుకుంది. అరల వైపు నడిచి, అట్టలు మెరుస్తున్న పుస్తకాలు మూడు తీసుకుంది.

"మెరుపు చూసి తీసుకోకు" అన్నాడు కాపరి. "పుస్తకం తెరిచి, వేళ్ళ మురికి ఏ పుటలో ఉందో చూడు. అక్కడ ఎవరో నిజంగా పని చేసి ఉంటారు." ఒక పాత పుస్తకం తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. దాని అంచులు నల్లబడి ఉన్నాయి. "ఇది ఒక్కటి చాలు. ఆ మూడూ అక్కడ పెట్టేసి వెళ్ళు."

ఆమె నాలుగూ పట్టుకుని గుమ్మం దాటింది. కాపరి అడ్డుపడలేదు.

"ఆపడం నా పని కాదు" అన్నాడు. "ఊడవడమే నా పని."

మూడు రోజులు ఆమె చదివింది. ఒక్క ముక్క రాయలేదు. చదవడం కూడా పనిలాగే కనిపిస్తుంది. పొద్దు గడుస్తుంది, కళ్ళు మండుతాయి, ఏదో చేశామన్న తృప్తి కలుగుతుంది. తేడా ఒక్కటే. సాయంత్రం లేచి చూస్తే మగ్గం మీద ఏమీ ఉండదు.

మధ్యాహ్నాలు చూరు కింద అక్క నిలబడి ఉండేది. తుంగ కత్తికి చీలిన బొటనవేలి గోరుతో గోడను గీకుతూ ఉండేది. పెదవులు కదిలేవి.

అయిదో రోజు చెల్లెలు కలం పట్టింది. కోడి కెలికిన రాతతోనే నాలుగు పుటలు నింపింది. అక్క ఏ మాటయినా రెండుసార్లు అంటుందని రాసింది. ‘వస్తున్నా, వస్తున్నా.’ ‘తిన్నా, తిన్నా.’ అక్క అబద్ధాలు చెబుతుందని రాసింది. పెద్ద అబద్ధాలు కావు. ఆరు చాపలు అల్లి పది అల్లానని చెప్పడం, తినకుండానే తిన్నానని చెప్పడం. చెప్పబోయే ముందు చిన్నగా దగ్గుతుందని కూడా రాసింది. ఆ ఉదయం సంగతి మాత్రం రాయలేదు. ‘మడుగుకు వెళ్ళింది, జారి పడింది’ అని ఊరుకుంది.

ఆ మధ్యాహ్నం అక్క ముఖం తేటగా ఉంది. రాసింది మంచిదేనేమో అని చెల్లెలికి ఒక క్షణం అనిపించింది. ఆ క్షణంలో కాపరి దగ్గరికి వెళ్ళి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. ఆమె పుస్తకాలు తెరిచింది.

చాప అల్లడం పూర్తయ్యాక అంచుల్లో మిగిలిన తుంగ కొసలను కత్తితో కోసేస్తారు. ఆమెకు దిద్దడమంటే అదొక్కటే తెలుసు. కాగితాలను ఒళ్ళో పెట్టుకుని, పుస్తకం చెప్పిన చోటల్లా అదే కత్తితో కోసింది.

ఒక పుస్తకం ‘అన్న మాటే మళ్ళీ రానివ్వకు’ అంది. రెండోసారి అన్న మాటలన్నీ కోసింది. మరొకటి ‘కథలో ముఖ్యమైన మనిషి మీద గౌరవం కలగాలి’ అంది. అబద్ధాలు పోయాయి, వాటితో దగ్గూ పోయింది. ఇంకొకటి ‘మరణం ఊరికే రాకూడదు, దానికొక ప్రయోజనం ఉండాలి’ అంది. మడుగులో పడిన ఒక పసిబిడ్డను కాపాడబోయి అక్క మునిగిపోయిందని రాసింది. ఆ బిడ్డ ఎవరి బిడ్డో ఆమెకూ తెలియదు.

కోసిన చీలికలు నేల మీద పడ్డాయి. గాలి వచ్చి వాటిని గడప దాటించి తీసుకుపోయింది. ఆమె చూసింది గాని లేవలేదు.

పాత పుస్తకాన్ని అన్నిటికంటే చివరగా తెరిచింది. వేళ్ళ మురికి ఉన్న పుటలో ఒకే మాట ఉంది. ‘చెప్పడానికి సిగ్గేసేది ముందు రాయి.’ ఆమె ఆ పుటను చాలాసేపు చూసింది. ఇది వేరే రకం కథలకేమో అనుకుని మూసేసింది. మెరిసే అట్టల్లో ఒకదానిలో ‘చెప్పేవాళ్ళు కథలో కనబడకూడదు’ అని ఉంది. ఆ మాట కింద గీత గీసుకుంది.

పుస్తకాలను తిట్టి లాభం లేదు. కొలకర్ర ఏ చాపనూ చిన్నది చేయదు. చిన్నది చేసేది కోసే చెయ్యి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పిన్ని వచ్చి కథ చదివించుకుంది. ముక్కు చీదుకుంది.

"అబ్బ! నాకంటే బాగా రాశావే. ఎంత గొప్ప మనిషో మీ అక్క! నాకు తెలియనే తెలియదు."

చెల్లెలు చూరు కిందికి చూసింది. అక్క చీర ఉంది. చేతులున్నాయి, బొటనవేలి చీలిక పోయి గోళ్ళు నున్నగా ఉన్నాయి. ముఖం ఉండవలసిన చోట తుడిచిన పలకలాగా ఉంది. పెదవులు లేవు.

ఆమె ఉప్పుకొట్టుకు పరుగెత్తింది. కాపరి ఊడుస్తూనే ఉన్నాడు. చీపురు ముందు కాగితపు చీలికలు కదులుతున్నాయి.

"తాతా, మా అక్క మాటలు గాలికి పోయాయి."

"గాలి అన్నిటినీ ఇక్కడికే తెస్తుంది" అంటూ వెనక గది తలుపు తీశాడు.

గది నిండా బుట్టలు. ఒకప్పుడు ఉప్పు మోసిన వెదురు బుట్టలు. ఒక్కొక్కటి అంచుదాకా కాగితపు చీలికలతో నిండి ఉంది. గదిలో గాలి లేదు. అయినా చీలికలు కదులుతున్నాయి. ఆమె గుమ్మంలో నిలబడితే ముందు ఎండుటాకుల చప్పుడులా వినిపించింది. తర్వాత అది చప్పుడు కాదని తెలిసింది. ఎవరో నత్తిగా మాట్లాడుతున్నారు. ఎవరో గురక పెడుతున్నారు. ఒక మగ గొంతు ఎద్దును బూతులు తిడుతోంది. ఒక ముసలి గొంతు ఆగకుండా అంటోంది, "ఒసేయ్, చారులో ఉప్పెక్కువేశావే, ఒసేయ్..."

"అందరూ ఇవే కోస్తారు" అన్నాడు కాపరి. "ఊరు ఊరంతా."

"నావి నాకిస్తావా?"

"నువ్వే ఏరుకోవాలి. కలిసిపోయాయి."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చెవితో వెతికింది. చీలికలు చేతికి చల్లగా, కొంచెం తడిగా తగిలాయి. ఒక బుట్ట అడుగున చిన్న దగ్గు వినిపించింది. అది తీసి కొంగులో కట్టుకుంది. ‘తిన్నా, తిన్నా’ దొరికింది. పది చాపల అబద్ధం దొరికింది. పొద్దు వాలేదాకా వెతికింది. ఒక్కటి మాత్రం దొరకలేదు.

"ఇంకొకటి ఉండాలి తాతా. ఆఖరి ఉదయానిది."

"కోసినవే ఇక్కడికి వస్తాయి" అన్నాడు కాపరి. "రాయనిది ఇక్కడికెలా వస్తుంది?"

ఆమె కొంగులోని మూట బిగించి లేచింది. అది ఎక్కడుందో ఆమెకు తెలుసు.

పదో రోజు మధ్యాహ్నం ఊరంతా రేవు మెట్ల మీద కూర్చుంది. పడవవాడు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళను చూస్తున్నాడు. చెల్లెలి చేతిలో నున్నగా కోసిన కథ ఉంది. కొంగులో చీలికల మూట ఉంది. ఇంత జనాన్ని చూసేసరికి ఆమెకు ధైర్యం చాలలేదు. చేతిలో ఉన్నదే చదవడం మొదలుపెట్టింది.

బాగా చదివింది. జనం ఏడ్చారు.

ఆమె ఊరి వైపు చూసింది. అక్క దారి మలుపులో నిలబడి ఉంది. కదలలేదు. కాని దారిలో ఎవరో వస్తున్నారు. ముందు ఒకరు, తర్వాత ఇద్దరు, తర్వాత లెక్క తెలియలేదు. ప్రతి ఇంటి చూరు కింద నుంచీ వస్తున్నారు. వాళ్ళ బట్టల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక్కరికీ ముఖం లేదు. ఆ కథలోని మనిషి ఎవరైనా కావచ్చు. అందుకని అందరూ తమ కథేనని వచ్చారు.

కూర్చున్నవాళ్ళ వీపులకు చల్లగా తగిలింది. ఏడుపులు ఆగాయి. ఆచారం ప్రకారం ఎవరూ తిరగలేదు. వచ్చినవాళ్ళు మాత్రం మనుషుల మధ్య నుంచే మెట్లు దిగసాగారు. తడి అంచు ఒకటి పక్కింటి పిన్ని భుజానికి రాసుకుంటూ పోయింది. పిన్ని కళ్ళు తెరిచింది. ముక్కుపొడి రంగు నేత చీర. ఆమె పెట్టెలో దాని జోడు ఇప్పటికీ ఉంది.

"అత్తా" అంది పిన్ని. ఆమె పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

ఒకరి తర్వాత ఒకరు పడవ అంచు మీద చెయ్యి వేస్తున్నారు. పడవ ఒరిగింది. పడవవాడు మొదటిసారి తల ఎత్తి చెల్లెలిని చూశాడు.

చెల్లెలు కాగితాలు కాలవలోకి వదిలేసింది. మూట విప్పి ఒక్కొక్క చీలికా చదివింది. దగ్గును దగ్గింది. అబద్ధాలను చెప్పింది. ముఖం లేనివాళ్ళు ఆగారు. దారి మలుపులో అక్క చెయ్యి పైకి లేచి, చీలిన గోరు ఎండలో కనిపించింది. కాని నోరు ఇంకా లేదు. చీలికలు అయిపోయాయి.

అప్పుడు చెల్లెలు కాగితం లేకుండా మాట్లాడింది. ఒక మాటకూ మరో మాటకూ అతుకు లేదు.

"ఆ రోజు నేను అల్లిన చాప అంచు వంకరపోయింది. అక్క విప్పమంది. తుంగ మంచిది కాదు, నా తప్పేం లేదన్నాను. తప్పు నాదే. అంత మంచి తుంగ కావాలంటే నువ్వే పోయి కోసుకో, పోయి అక్కడే ఉండు అన్నాను. అప్పటికి రెండు రోజులుగా వాన. మడుగు గట్టు జారుతోందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఏ బిడ్డా మునగలేదు. ఎవరినీ కాపాడలేదు. అక్క కత్తి తీసుకుని ఏమందంటే..."

ఆమె ఆగింది. ఊరంతా వింటోంది. ముఖం లేనివాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి, మెట్లెక్కి, తమ చూరుల వైపు నడిచారు. ఇది తమ కథ కాదని వాళ్ళకు తెలిసింది. ఖాళీ అయిన దారిలో అక్క ఒక్కతే దిగి వచ్చింది. ముఖం మీద ముందు నోరు వచ్చింది.

"వెళ్తున్నా, వెళ్తున్నా" అంది అక్క.

పడవ ఎక్కి కూర్చుంది. కోపంగా ఉందో, చల్లబడిందో చెల్లెలికి తెలియలేదు. అవతలి ఒడ్డు దాకా చూసినా తెలియలేదు. అది అడిగే హక్కు తనకు లేదనుకుని ఇంటికి వచ్చి, వంకరపోయిన ఆ చాపను ముందేసుకుని విప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం మెరిసే అట్టలు మూడూ ఉప్పుకొట్టులో ఇచ్చేసింది. పాతది ఉంచుకుంటానంది. కాపరి తల ఊపాడు.

మర్నాడు పక్కింటి పిన్ని ఉప్పుకొట్టుకు వెళ్ళింది. కాపరి వెనక గది తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు. ఆమె కాలు పెట్టగానే మొదటి బుట్టలోంచే వినిపించింది.

"ఒసేయ్, చారులో ఉప్పెక్కువేశావే, ఒసేయ్..."

పిన్ని ఆ బుట్ట ముందు నిలబడి చాలాసేపు విన్నది. చెయ్యి చాచింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఇది మా అత్తది కాదు" అంది. "మా అత్త నన్ను ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు."

కాపరి తలుపు వేసి చీపురు అందుకున్నాడు.

వారం గడిచేసరికి పిన్ని చెల్లెలి మగ్గం దగ్గరికి వచ్చింది. ఈసారి గడపలో కూర్చోలేదు.

"చెమ్మ చూరు దాటి గోడ లోపలికి వచ్చిందే. నా మంచం పక్కకే. సున్నం కొట్టించాను, నిలవడం లేదు. దాని మీద వేలాడదీయడానికి ఒక చాప అల్లిపెట్టు."

చెల్లెలు పడుగు దారాలు సరిచూస్తూ అడిగింది. "ఎంత పొడుగు పిన్నీ?"

"మనిషంత."

"ఏ మనిషంత?"

"మా అత్తంత" అంటూ పిన్ని కొలత చూపడానికి చెయ్యి ఎత్తింది. భుజం దాకా లేచింది. తల దాకా లేచింది. మళ్ళీ కిందికి దిగింది. ఎక్కడ ఆగాలో ఆ చేతికి తెలియలేదు.

మగ్గం ముందు చెల్లెలు తుంగ పోచ పట్టుకుని, కొలత కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.